ముహూర్తం రాత్రికి ధర కట్టడం: ఒక చిన్న పూల అలంకరణ స్టూడియో కేస్ స్టడీ

పూల అలంకరణ చేసే చిన్న సంస్థలు ఇబ్బందుల్లో పడినప్పుడు సాధారణంగా మూడు కారణాలు చెబుతాయి: పెరిగిన పూల ధరలు, ప్లాస్టిక్ పూల రాక, ఈవెంట్ కంపెనీల పోటీ. ఈ మూడూ నిజమైన ఇబ్బందులే. అయితే ఇక్కడ వివరిస్తున్న స్టూడియో లెక్కలను దాదాపు రెండేళ్ళు దగ్గరగా చూసిన తరువాత నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, తెలుగునాట పెళ్ళి అలంకరణలో అన్నిటికన్నా అరుదైన సరుకు గట్టి ముహూర్తం (ఒకేసారి చాలా పెళ్ళిళ్ళు పడే మంచి ముహూర్తం) ఉన్న రాత్రి, ఆ రాత్రి పనిచేయగల చేతులు. ఆ రాత్రిని ఎవరికి, ఏ షరతు మీద ఇస్తున్నారన్నది లెక్కలోకి రాకపోతే ఎంత వ్యాపారం పెరిగినా చేతిలో డబ్బు మిగలదు.

చిన్న వ్యాపారాలకు ఖర్చుల లెక్క, నిర్వహణ విషయాల్లో సలహా ఇవ్వడం నా వృత్తి. యజమానురాలి అనుమతితోనే ఈ కేసును రాస్తున్నాను. పట్టణం పేరు, వ్యక్తుల పేర్లు వదిలేశాను. రూపాయల అంకెలు ఇవ్వలేదు, నిష్పత్తులను మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఉంచాను.

నేపథ్యం

స్టూడియో గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణంలో ఉంది. యజమానురాలి అత్తగారు గుడి వీధిలో పూలకొట్టు నడిపిన మనిషి. పెళ్ళి దండలు, పూలజడలు కట్టడంలో ఆ చుట్టుపక్కల ఆమెకు మంచి పేరుంది. ఇంటీరియర్ డిజైన్‌లో డిప్లొమా చేసిన కోడలు ఆ కొట్టుకు అలంకరణ పనిని జతచేసి, కొన్నేళ్ళలో దాన్ని స్టూడియోగా మార్చారు. నేను వెళ్ళేనాటికి ఒక మేస్త్రి, ఆయన కింద ఏడుగురు పనివారు ఉన్నారు. వారిలో ముగ్గురు పశ్చిమ బెంగాల్‌లోని మేదినీపూర్ ప్రాంతం నుంచి వచ్చినవారు. దండలు కట్టే మహిళలు అత్తగారి దగ్గర మూరల లెక్కన పనిచేసేవారు.

బంతి, చేమంతి, లిల్లీ, కనకాంబరం, మల్లె కడియపులంక మార్కెట్ నుంచి తెల్లవారుజామున వచ్చేవి. డచ్ గులాబీలు, జర్బెరాలు, కార్నేషన్లు బెంగళూరు నుంచి రాత్రి బస్సుల్లో అట్టపెట్టెల్లో దిగేవి. ఆర్కిడ్లు థాయిలాండ్ సరుకు, వ్యాపారుల చేతులు మారి వచ్చేది. పట్టణానికి చేరే దారిలో శీతల రవాణా ఏదీ లేదు.

2020లో ఉగాది, లాక్‌డౌన్ మొదలైన రోజు ఒకటే, మార్చి 25. ఆ వేసవి ముహూర్తాలకు తీసుకున్న అడ్వాన్సులు తిరిగి ఇవ్వవలసి వచ్చింది. పెళ్ళికి యాభై మందికి మించకూడదన్న నిబంధన కాలంలో ఇళ్ళ ముందు పందిళ్ళకు చిన్న అలంకరణలు చేసి స్టూడియో నిలదొక్కుకుంది. 2021 చివరి నుంచి వాయిదా పడిన పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారిగా రావడంతో ఈవెంట్ కంపెనీలు సబ్ కాంట్రాక్టుకు అలంకరణ పని ఇవ్వడం మొదలుపెట్టాయి. అమ్మకాలు ఏడాదికేడాది పెరిగాయి. 2022 జూలై 1 నుంచి అలంకరణకు వాడే థర్మకోల్ మీద నిషేధం వచ్చినప్పుడు వధూవరుల పేర్లను అట్ట మీదకు, పల్చటి చెక్క మీదకు మార్చుకోవడం తప్ప పెద్ద తడబాటు కూడా లేదు.

నా దగ్గరకు వచ్చిన సమస్య

2024 మొదటి నెలల్లో ఆమె నన్ను కలిశారు. అంతకు ముందు సంవత్సరం అమ్మకాలు స్టూడియో చరిత్రలోనే ఎక్కువ. అయినా పూల వ్యాపారులకు బాకీలున్నాయి, జీతాలు చేబదుళ్ళ మీద నడుస్తున్నాయి. దీనికి తోడు రెండు దెబ్బలు వెంటవెంటనే తగిలాయి. మాఘమాసపు పెళ్ళిళ్ళ ముంగిట మేస్త్రి నలుగురిని వెంటబెట్టుకుని సొంతంగా పని మొదలుపెట్టారు. ఇక కొత్త పంచాంగం చూస్తే గురు, శుక్ర మూఢాలు, ఆషాఢం కలిసివచ్చి ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా పెళ్ళి ముహూర్తాలు లేవు.

ఆమె అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: "ఆ మూడు నెలలు గడవడానికి బ్యాంకు అప్పు తీసుకోమంటారా సార్?" దీనికి నేను వెంటనే అవుననో కాదనో చెప్పలేదు. జీతాల కోసం తెచ్చిన అప్పును ఆగస్టు తరువాత వచ్చే పెళ్ళిళ్ళ మిగులుతోనే తీర్చాలి. ఇప్పటిదాకా చేసిన పెళ్ళిళ్ళలో మిగులు ఎక్కడుందో తెలియనప్పుడు రాబోయే పెళ్ళిళ్ళు అప్పు తీరుస్తాయని నమ్మడానికి ఆధారం లేదు. అందుకని ముందుగా గత సీజన్ పనులను ఒక్కొక్కటిగా విడదీసి చూద్దామని చెప్పాను.

పనివారీ లెక్కలు, అంటే ఏ పనికి ఆ పని విడిగా వేసిన లెక్కలు, వారి దగ్గర లేవు. ఒక నోటుపుస్తకం, ఫోన్‌లోని చెల్లింపుల జాబితా, ప్రతి అలంకరణకూ తీసిన ఫోటోలు ఉన్నాయి. ఆ ఫోటోలే మాకు బాగా ఉపయోగపడ్డాయి. గులాబీలను ఒకదానినొకటి ఒరుసుకునేలా పెడితే చదరపు అడుగుకు పాతిక దాకా పడతాయి. అంటే ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ఒక్క పలకకు ఎనిమిది వందల పూలు, ఇరవై పూల బంచ్ లెక్కన నలభై బంచ్‌లు. ఇలా ఫోటోలో కనిపించే వైశాల్యం నుంచి పూలను, హాలు ఇచ్చిన సమయం నుంచి మనిషి గంటలను అంచనా వేసి, ప్రతి పనికీ ఒక కాగితం తయారుచేశాం. దీనికే మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ వృథా అని ఇంట్లో కొందరు అనుకున్నారు గానీ, తరువాత తీసుకున్న ప్రతి నిర్ణయం ఆ కాగితాల మీదే నిలబడింది.

లెక్క చెప్పినది

సంవత్సరం మొత్తం పనుల్లో దాదాపు సగం సబ్ కాంట్రాక్టువి. గట్టి ముహూర్తపు రాత్రులను మాత్రమే తీసుకుంటే వాటి వాటా మూడింట రెండు వంతులు. సాధారణ రోజుల్లో ఆ పనుల మీద కొద్దిగా మిగిలింది. గట్టి ముహూర్తాల్లో ఏమీ మిగలలేదు, కొన్నిటిలో చేతి డబ్బు పోయింది.

కారణం వెతికితే అన్నీ ఒకే చోటికి చేరాయి. మంచి ముహూర్తం ఉన్న రోజున జిల్లాలోని కల్యాణ మండపాలన్నీ ఒకేసారి నిండుతాయి. చేమంతి, గులాబీ ధరలు రెట్టింపు కావడం ఆ రోజుల్లో మామూలే. రోజు కూలికి వచ్చే అలంకరణ పనివారు రెండు కూలీలు అడుగుతారు. హాలులో ముందురోజు రిసెప్షన్ ముగిసి తాళాలు చేతికి వచ్చేసరికి రాత్రి పదకొండు దాటుతుంది, ముహూర్తమేమో తెల్లవారుజామున ఉంటుంది. నాలుగైదు గంటల్లో మండపం, ద్వారం, నడవ పూర్తికావాలి. ఈవెంట్ కంపెనీలతో ధర మాత్రం సీజన్ మొదట్లో ఏకమొత్తంగా, అన్ని రాత్రులకూ ఒకటిగా కుదిరింది. ఆ డబ్బు కూడా మూడు నాలుగు నెలలకు వచ్చేది. పైగా వారు మినహాయించిన ఒక శాతం పన్ను, అంటే టీడీఎస్‌ను ఆమె రిటర్నులో చూపించి వాపసు తీసుకోనేలేదు. ఈ చివరిది చిన్న విషయమే అయినా, ఇలాంటి స్టూడియోలు చాలావాటిలో నేను చూస్తున్నదే కాబట్టి రాస్తున్నాను.

ఆశ్చర్యపరిచిన అంకె మరొకటి ఉంది. అత్తగారి విభాగం, అంటే దండలు, పూలజడలు, అమ్మకాల్లో పదో వంతు కూడా లేదు. మిగులులో మాత్రం దాని వాటా పావు వంతు. ఆ పని పగలు, సొంత చోట, అలవాటైన చేతులతో జరుగుతుంది, డబ్బు చేతికిచ్చిన తరువాతే జడ పెట్టె కదులుతుంది. ఇంట్లో దాన్ని పాతకాలపు వ్యవహారంగా, స్టూడియోకు అనుబంధంగా చూసేవారు. లెక్క చూసిన రోజున కోడలు ఆ కాగితాన్ని అత్తగారికి చదివి వినిపించారు.

ప్రయత్నించినవి, ఫలించనివి

నేను వెళ్ళేసరికే ఒక ప్రయత్నం జరిగిపోయి ఉంది. పూల ధరల నుంచి తప్పించుకోవడానికి ప్లాస్టిక్, గుడ్డ పూలతో చేసిన బ్యాక్‌డ్రాపులు కొని అద్దెకు ఇవ్వాలనుకున్నారు. మొదటి కొన్ని పెళ్ళిళ్ళకు లాభం కనిపించింది. అయితే వాటికి గోదాము కావాలి, ప్రతిసారీ దుమ్ము దులిపి ఉతకాలి, ఒక సీజన్‌లో అందరి ఫోటోల్లో కనిపించిన డిజైన్‌ను తరువాతి సీజన్‌లో ఎవరూ అడగరు. అదే సరుకును ఫంక్షన్ హాళ్ళే కొనిపెట్టుకుని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక అద్దె పడిపోయింది. ప్లాస్టిక్ పూల మీద ఉండే లాభం డబ్బు పెట్టగలిగినవారికి చెందుతుంది, చేతి నైపుణ్యం ఉన్నవారికి అందులో ప్రత్యేకమైన ఆధిక్యం ఏమీ లేదు. అందువల్ల ఆ సరుకును అమ్మేయమని సలహా ఇచ్చాను.

మేస్త్రి స్థానంలో మరొక మేస్త్రిని తేవడం రెండో ప్రయత్నం. హైదరాబాదులో పనిచేసిన ఒకరిని ఎక్కువ జీతానికి తెచ్చుకున్నారు. ఆయన పని బాగుంది. కానీ ఆయనకు తెలిసిన పద్ధతులు వేరు, ఇక్కడి పనివారికి తెలిసినవి వేరు, రాత్రి హాలులో ఆ రెండింటినీ సర్దుబాటు చేసుకునే తీరిక ఉండదు. ఆయన కూడా వేసవికి ముందే వెళ్ళిపోయారు. స్టూడియో పనితనం మొత్తం ఒక మనిషి తలలో ఉన్నంతకాలం ఆ మనిషి మారిన ప్రతిసారీ స్టూడియో మొదటికి వస్తుందని అప్పుడు స్పష్టమైంది.

మూడోది రోజువారీ పూజ పూల పొట్లాలు. మూఢం నెలల్లో ఆదాయం కోసం నెల చందా మీద ఇళ్ళకు పూలు పంపాలన్నది యజమానురాలి ఆలోచన. నాకు అనుమానం ఉన్నా వద్దనలేదు, ఎందుకంటే తక్కువ ఖర్చుతో పరీక్షించగల విషయాన్ని వాదనతో తేల్చుకోవలసిన అవసరం లేదు. ఒకే కాలనీలో, ఒక నెల, ఇంటికి చేర్చే ఖర్చు అమ్మకంలో ఐదో వంతు దాటితే ఆపేయాలని ముందే రాసుకున్నాం. అది దాటింది. గుమ్మం ముందుకు సైకిల్ మీద పూలు తెచ్చే మనిషి ఉన్న వీధిలో, ఆ మనిషికన్నా తక్కువ ఖర్చుతో ఒక స్టూడియో పూలు చేర్చలేదు. రాసుకున్న ప్రకారం నెల చివర ఆపేశారు. ముందే హద్దు గీసుకోవడం వల్ల ఆపడం ఎవరికీ ఓటమిగా అనిపించలేదు.

కోల్డ్ రూం కొనాలన్న ప్రతిపాదన గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ రంగంలో చాలామంది అక్కడే డబ్బు పోగొట్టుకుంటున్నారు. కంపెనీ ప్రతినిధి ఇచ్చిన అంచనా ఆకర్షణీయంగా ఉంది, వాడిపోయే పూల విలువ చూపించి ఆ నష్టమంతా ఆగిపోతుందని లెక్కకట్టారు. మేము అడిగిన ప్రశ్న వేరు: పూలు ఈ స్టూడియోలో ఎన్ని గంటలు ఆగుతాయి? ఉదయం దిగిన సరుకు ఆ రాత్రికే హాలుకు వెళ్ళిపోతుంది. ఒక రాత్రికి మించి నిల్వ ఉండే సందర్భాలు సంవత్సరంలో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అదీగాక గులాబీ, కార్నేషన్ రెండు నుంచి నాలుగు డిగ్రీల చలిలో బాగుంటే, ఆంథూరియం, ఆర్కిడ్ వంటి ఉష్ణమండల పూలు పన్నెండుకన్నా బాగా తగ్గితే నల్లబడతాయి. ఒకే గదిలో రెంటినీ పెట్టలేం.

అసలు పూలు ఎక్కడ పాడవుతున్నాయో రెండు రోజులు దగ్గరుండి చూశాం. పెట్టెలు బస్సు దిగాక మధ్యాహ్నం దాకా విప్పకుండా వరండాలో ఉంటున్నాయి. కాడలు తిరిగి కోయకుండానే నీళ్ళలో పెడుతున్నారు. బక్కెట్లు కడిగి చాలాకాలమైంది. మండపానికి తెచ్చిన అరటి గెలలను కార్నేషన్లున్న గదిలోనే ఉంచుతున్నారు. పండుతున్న అరటి నుంచి వెలువడే ఇథిలీన్ వాయువుకు కార్నేషన్ రేకులు లోపలికి ముడుచుకుపోతాయి. ఇన్నాళ్ళూ ఆ నింద బెంగళూరు వ్యాపారి మీద పడుతూ వచ్చింది. గెలలకు వేరే చోటు, దిగిన గంటలోపు కాడల కోత, బ్లీచింగ్‌తో కడిగిన బక్కెట్లు, మామూలు ఏసీ ఉన్న ఒక చీకటి గది, ఈ నాలుగింటితో పూలు వాడిపోవడం సగానికి పైగా తగ్గింది. కోల్డ్ రూం మాట అంతటితో వాయిదా పడింది.

ఫలించినవి

మేస్త్రి వెళ్ళిపోవడం వల్ల ఒక రాత్రికి రెండు మండపాలకు మించి చేయలేని స్థితి వచ్చింది. అంతకు ముందు నాలుగు చేసేవారు. యజమానురాలు దీన్ని తాత్కాలిక లోటుగా చూశారు. నేను మాత్రం దీన్నే నియమంగా పెట్టుకుని చూద్దామన్నాను. రెండే చేయగలిగితే ఏ రెండు అన్న ప్రశ్న తప్పనిసరిగా వస్తుంది, ఆ ప్రశ్నే ఇన్నాళ్ళూ ఎవరూ వేసుకోలేదు. పనివారీ కాగితాలను బట్టి జవాబు తేలిక. గట్టి ముహూర్తాల్లో ఒక పెద్ద మండపం, ఒక చిన్న మండపం, రెండూ నేరుగా పెళ్ళివారి నుంచి వచ్చినవే. సబ్ కాంట్రాక్టుకు ఆ రాత్రుల్లో చోటు కావాలంటే సగం అడ్వాన్సు, మిగతాది అలంకరణ విప్పకముందే ఇవ్వాలి. సాధారణ రాత్రులకు పాత ధర కొనసాగుతుంది.

గట్టి ముహూర్తానికి ఎక్కువ ధర పెట్టడానికి అత్తగారు ఒప్పుకోలేదు. "ముహూర్తం పంతులుగారు పెడతారు. దానికి పెళ్ళివారు మనకెందుకు ఎక్కువ ఇవ్వాలమ్మా?" అని కోడలిని అడిగారు. దీన్ని సెంటిమెంటుగా కొట్టిపారేయడం నాకు సరికాదనిపించింది. ఆ పట్టణంలో ఆ ఇంటి పేరు నిలబడింది ఈ రకమైన పట్టింపు మీదే, ఆ పేరు పోతే వచ్చే నష్టం ఏ కాగితంలోనూ కనిపించదు. చివరికి కుదిరిన పద్ధతి ఇది. సీజన్ మొత్తానికి రెండు రకాల రాత్రుల ధరలను ముందే అచ్చువేసి అందరికీ ఒకటే చూపిస్తారు. ఒకసారి మాట ఇచ్చిన తరువాత మార్కెట్ ఎంత పెరిగినా పైసా పెంచరు. ఎక్కువ ధర ఇవ్వలేని కుటుంబానికి అదే రాత్రి బంతి, చేమంతి, మామిడాకులు, అరటి పిలకలతో చేసే ఒక సంప్రదాయ మండపం తక్కువ ధరకు ఉంటుంది. ఆ మండపం డిజైన్ అత్తగారే గీయించారు. రెండో సీజన్ నుంచి డబ్బున్న కుటుంబాలు కూడా దాన్నే కోరుకోవడం మొదలైంది.

మాట ఇచ్చిన ధరకు కట్టుబడాలంటే పూల ధరల ఎగుడుదిగుళ్ళను ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి. దీనికి ఒప్పంద పత్రంలో ఒక వాక్యం చేర్చాం: స్టూడియో రంగుకు, నిండుదనానికి మాట ఇస్తుంది, పూల రకానికి ఇవ్వదు. లేత గులాబీ రంగు గోడ కావాలన్నవారికి ఆ రోజు గులాబీ దొరకకపోతే కార్నేషన్ వస్తుంది. ఇంతకు ముందు ఇది పెళ్ళి ఉదయం గొడవగా మారేది. ఇప్పుడు నమూనా పలక ముందు నిలబడి ముందే మాట్లాడుకుంటున్నారు. బంతి, చేమంతి వరకు కడియం ప్రాంతపు ఇద్దరు రైతులతో సీజన్‌కు ఒక ధర మాట్లాడుకున్నారు. మార్కెట్ బాగా పడిపోయిన రోజున కూడా ఆ ధరే ఇచ్చారు కాబట్టి, పెరిగిన రోజున సరుకు ఆగలేదు.

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చిన మార్పు గంటలను రాత్రి నుంచి పగటికి జరపడం. దండల విభాగం ఎందుకు మిగులుతోందో చూసినప్పుడే ఈ ఆలోచన వచ్చింది. పెళ్ళి మండపంలో ఎంత పనిని హాలు తాళాలు రాకముందే సొంత చోట చేయవచ్చు? సమాధానం కోసం మూఢం నెలలు పనికొచ్చాయి. ఎక్కువగా అడిగే ఎనిమిది డిజైన్లను ఎంచుకుని, ప్రతిదాన్నీ చట్రం, అడుగు పొర, ముఖపు పూలు అని మూడు భాగాలు చేశారు. ఎనిమిదడుగుల పలకలు వారి చిన్న ట్రాలీ బండిలో పట్టవు కాబట్టి అన్నిటినీ నాలుగడుగుల చదరాలుగా మార్చారు. ఆకు, బంతి, చేమంతి వంటి గట్టి పూలతో అడుగు పొరను మధ్యాహ్నమే దండలు కట్టే మహిళలు పూర్తిచేస్తారు. గులాబీ, ఆర్కిడ్ వంటివి మాత్రమే హాలులో చేరతాయి. ఒక్కో డిజైన్‌కు పలకలెన్ని, పూలెన్ని, చేతులెన్ని, గంటలెన్ని అన్నది కొలిచి ఒక పుస్తకంలో రాసుకున్నారు. ఒక్కో భాగానికి ఒక్కరు పెద్ద. మేస్త్రి అనే పదవి మళ్ళీ పెట్టలేదు. ఫోన్‌లో ముంబయి, ఢిల్లీ పెళ్ళిళ్ళ బొమ్మలు చూపించి అచ్చంగా అదే కావాలనే వారికి, ఈ ఎనిమిదిలో దానికి దగ్గరగా ఉన్నది చూపించి, కాదంటే మర్యాదగా వేరే సంస్థ పేరు చెప్పమన్నాను. మొదట్లో ఇది ఆమెకు చాలా కష్టమైంది. డిజైన్ చదువుకున్న మనిషికి ఎనిమిదికి కట్టుబడమనడం చిన్న కోత కాదు. అందుకే ఏటా రెండు పాతవి తీసేసి రెండు కొత్తవి చేర్చాలన్న నియమం ఆమే పెట్టుకున్నారు.

పూల కాడలు గుచ్చే పచ్చటి ఫోం వాడకం కూడా ఈ దశలోనే తగ్గింది. అది ఫినాలిక్ ప్లాస్టిక్, మట్టిలో కలవకుండా సూక్ష్మమైన ముక్కలుగా మిగిలిపోతుంది. ఇంగ్లండ్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనల్లో దాన్ని నిషేధించింది. ఇక్కడ అసలు కారణం ఖర్చే అయినా ప్రత్యామ్నాయం దగ్గరలోనే దొరికింది. రావులపాలెం చుట్టుపక్కల గెల కోసిన తరువాత మిగిలే అరటి బోదెను అడుగడుగు ముక్కలుగా కోసి అందులో కాడలు గుచ్చితే ఒక రాత్రి, ఒక పగలు పూలు తాజాగా నిలుస్తాయి. దీనికి హద్దులున్నాయి. బోదె బరువు, పైన వేలాడదీసే వాటికి పనికిరాదు. దాని కర బట్టకు అంటితే మరక పోదు, అందుకని తెల్లటి పరదాల దగ్గర వాడకూడదు. నేల మీద, మెట్ల పక్కన, ద్వారం అడుగున మాత్రం ఫోంకన్నా బాగా పనిచేసింది.

మూఢం నెలల ఆదాయం గురించి. పెళ్ళి, గృహప్రవేశం, ఉపనయనం ఆగిపోయినా సీమంతం, నామకరణం, అన్నప్రాశన వంటివి ఆగవు. ఇవి ఇళ్ళలో, పగటిపూట జరుగుతాయి, డబ్బు అప్పుడే వస్తుంది. వీటికి మూడు పరిమాణాల్లో స్థిరమైన ధరలు పెట్టారు. పెళ్ళిళ్ళ లోటును ఇవి పూడ్చలేదు, జీతాల్లో సగం వరకు మోశాయి. బెంగాలీ పనివారు ఇళ్ళకు వెళ్ళారు. తిరిగి వచ్చాక ఇచ్చేలా ఒక మొత్తం మాట్లాడుకోవడం వల్ల ముగ్గురిలో ఇద్దరు ఆగస్టుకు వచ్చారు. 2024 ఆగస్టు 16న వరలక్ష్మీ వ్రతానికి అరటి ఆకుల తెర, దండలు, తోరణం కలిపి ఇంట్లోనే పది నిమిషాల్లో అమర్చుకునే సెట్టును ముందస్తు డబ్బు మీద అమ్మారు. పగటి పలకల పని అలవాటైన చేతులకు అది తేలికైంది.

ఈవెంట్ కంపెనీల నుంచి రావలసిన పాత బాకీల వసూలు కోసం ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం చేసే నమోదు) చేయించాం. అది ఉచితం. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉంటే 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. అప్పటి (1961 నాటి) ఆదాయపు పన్ను చట్టంలోని 43బీ(హెచ్) నిబంధన 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి దీనికి బలం చేకూర్చింది: గడువు దాటి, ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా కూడా చెల్లించని బాకీని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేరు. పాత బాకీలకు దీన్ని నేరుగా వర్తింపజేయలేకపోయినా, ఇకపై పంపే బిల్లుల మీద ఉద్యమ్ నంబరు ఉంటుందని తెలియజేస్తూ మర్యాదగా ఒక ఉత్తరం రాశాం. ఇద్దరు పాతవీ కొత్తవీ సర్దుబాటు చేసుకున్నారు. ఒకరు పని ఇవ్వడం మానేశారు. ఆయన వాటా సబ్ కాంట్రాక్టులో పెద్దదే, అయినా పనివారీ కాగితాల ప్రకారం ఆ పనుల్లో మిగులు లేదని తెలిసి ఉండడం వల్ల యజమానురాలు కంగారు పడలేదు.

బ్యాంకు అప్పు చివరికి తీసుకున్నారు. మొదట అనుకున్న దానిలో మూడో వంతు, అదీ జీతాలకు కాకుండా పలకల చట్రాలకు, మూసి ఉన్న ఒక పాత వాహనానికి. ఈ రెండూ ప్రతి ముహూర్తం రాత్రీ గంటలను ఆదా చేస్తాయి కాబట్టి అప్పు ఏ సొమ్ముతో తీరుతుందో వేలుపెట్టి చూపించగలిగాం.

ఒక సంవత్సరం తరువాత

2025 ఆగస్టులో మళ్ళీ అదే విధంగా లెక్క చూశాం. మొత్తం అమ్మకాలు పాత సంవత్సరంకన్నా సుమారు పావు వంతు తక్కువ. పూల వ్యాపారుల బాకీలు తీరాయి, చేబదుళ్ళు లేవు, యజమానురాలు మొదటిసారి నెలకు ఇంత అని జీతం తీసుకుంటున్నారు. సబ్ కాంట్రాక్టు వాటా ఐదో వంతుకు దిగింది. దండలు, పూలజడల విభాగం రెట్టింపైంది.

ఇదే స్థితిలో ఉన్న స్టూడియోలు గమనించవలసిన విషయాలు నా దృష్టిలో కొన్ని ఉన్నాయి. నెలవారీ లాభనష్టాల పట్టీ ఈ వ్యాపారానికి చాలదు, రాత్రులవారీ పట్టీ కావాలి. ఒకే నెలలో ఉన్న రెండు రాత్రుల ఖర్చులు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటాయి. పనివాడు వెళ్ళిపోయినప్పుడు మనిషిని భర్తీ చేయడానికి ముందు, ఆ మనిషి చేసిన పనిని భాగాలుగా విడదీసి చూడాలి. ఈ పద్ధతికి హద్దులు కూడా ఉన్నాయి. హైదరాబాదు శివారు రిసార్టుల్లో రెండు మూడు రోజుల పెళ్ళిళ్ళు చేసే పెద్ద సంస్థలకు హాలు ముందుగానే చేతికి వస్తుంది, ప్రతి పెళ్ళికీ కొత్త డిజైన్ కావాలి. ఎనిమిది డిజైన్ల నియమం అక్కడ పనిచేయదు. సొంతగా దండలు కట్టే చేతులు లేని స్టూడియోకు పగటి పలకల పని ఇంత త్వరగా కుదరకపోవచ్చు.

2025 ఆగస్టు నాటికి తేలవలసినవి రెండు మిగిలాయి. 2025 నవంబరు చివరి నుంచి 2026 ఫిబ్రవరి మధ్య దాకా మళ్ళీ శుక్ర మూఢం. దానికోసం గట్టి ముహూర్తాల మిగులులో పదో వంతును విడి ఖాతాలో వేస్తూ వచ్చారు. మూఢం మొదలయ్యేనాటికి రెండు నెలల జీతాలకు అది సరిపోతుందని అంచనా వేశారు. రెండోది పూలజడ. మల్లెమొగ్గ సాయంత్రానికి విచ్చుకుంటుంది కాబట్టి తెల్లవారుజాము ముహూర్తానికి మొగ్గ విడవకుండా తడిగుడ్డలో, మంచు తగలకుండా చల్లగా ఉంచి కట్టాలి. ఆ అంచనా అప్పటికీ అత్తగారి చేతికే తెలుసు. డిజైన్ల పుస్తకంలో దాన్ని రాయడానికి ప్రయత్నించారు గానీ కొలతలకు లొంగలేదు. అందుకని దండలు కట్టే మహిళల్లో ఇద్దరిని ఆ సీజన్ అంతా ఆమె పక్కనే కూర్చోబెట్టి, ఆ గంటలకు మూరల లెక్క కాకుండా రోజు కూలి ఇవ్వాలని నిర్ణయించారు. ఆ కూలిని దండల విభాగం ఖర్చులో వేయాలా, స్టూడియో మొత్తం ఖర్చులో వేయాలా అన్నది తరువాతి సమావేశంలో తేల్చుకోవాలనుకున్నాం.